రాత్రి గ్రూపు, పగటి క్లాసు

శ్రోతలందరికీ నమస్కారం. ఫోన్ల మీద విరుచుకుపడటానికి రాలేదు నేను, ఆ పని ఇళ్లలో రోజూ జరుగుతూనే ఉంది. మన పిల్లలు పగలు ఒక క్లాసులో, రాత్రి ఇంకో క్లాసులో కూర్చుంటున్నారు. ఆ రెండోది వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో నడుస్తోంది. ఈ రెండింటికీ పొత్తు కుదరడం లేదు, దాని గురించే ఈ నాలుగు మాటలు.

ముందు రొయ్యల సంగతి చెప్తాను. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు గుంటలున్న వాళ్లకి ఇది కొత్త కాదు. రాత్రిపూట, రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలుసుకోడానికి నీళ్లలో ఉంచే చెక్ ట్రే ఎత్తి చూస్తే మేత మిగిలిపోయి ఉంటుంది, నాలుగు రొయ్యలు నీరసంగా గట్టు వారకి వచ్చి ఉంటాయి, వెంటనే ఫోటో తీసి గ్రూపులో పెడతారు. ఇక జవాబులే జవాబులు. ఒకాయన నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు పెంచమంటాడు, ఒకాయన సున్నం చల్లమంటాడు, ఇంకొకాయన ఏదో మందు పేరు చెప్తాడు, ఆ మందు ఆయన షాపులోనే దొరుకుతుంది లెండి. వీటిలో పనికొచ్చే మాటలూ ఉంటాయి. అర్ధరాత్రి గుంట దగ్గర ఒక్కడే నిలబడ్డ మనిషికి, తనలాగే ఇంకో పదిమంది మేలుకొని ఉన్నారని తెలిస్తే అదో ధైర్యం. కానీ నీళ్లలో అమ్మోనియా ఎంతుందో, ఆక్సిజన్ ఎంత పడిపోయిందో ఫోటోలో కనపడదు కదా. రొయ్యల్ని చంపే తెల్లమచ్చ వైరస్ అవునో కాదో ల్యాబులో పీసీఆర్ పరీక్ష చేస్తేనే ఖాయమవుతుంది, అవునని తేలితే దానికి మందే లేదు. అందుకే అనుభవమున్న రైతు గ్రూపులో అందరి మాటా వింటాడు, తెల్లారగానే నీళ్లూ రొయ్యలూ పట్టుకొని ల్యాబుకి పోతాడు.

మన ఇంటర్, డిగ్రీ పిల్లలకి లేనిది ఈ ల్యాబుకి పోయే అలవాటే. రాత్రి లెక్క రాకపోతే గ్రూపులో పెడతాడు, ఊరూ పేరూ తెలియని వాళ్లెవరో కాగితం మీద చేసి పంపిస్తారు, వీడు దించుకొని పొద్దున చూపించేస్తాడు. మూడో మెట్టు దగ్గర ఎందుకు అట్టా మారిందో వీడికి తెలియదు, వీడికి తెలియదన్న సంగతి లెక్చరర్‌కి తెలియదు. అదే క్లాసులో అయితే, బోర్డు మీద రాస్తూ వెనక్కి తిరిగి ముఖాలు చూస్తే చాలు, సగంమందికి అర్థం కాలేదని ఆయనకి తెలిసిపోతుంది, మళ్లీ మొదటికొస్తారు. 2020లో కరోనాకి బడులు మూసేసి పాఠాలు ఫోన్లలోకి వెళ్లినప్పుడు పోయింది ఇదే. కెమెరాలు ఆపేసిన నల్లటి గళ్లకి పాఠం చెప్పిన మాస్టార్లని అడగండి, కథలు కథలుగా చెప్తారు.

అట్టాగని గ్రూపు దండగ అంటే నేను ఒప్పుకోను. క్లాసులో డౌటు అడిగితే పక్కబెంచీ నవ్వుతుందన్న టెన్షన్ చిన్నదేం కాదు, తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషు మీడియంలోకి వచ్చిన పిల్లలకి మరీ ఎక్కువ. పగలంతా నోరు విప్పని పిల్ల రాత్రి గ్రూపులో చక్కగా అడుగుతుంది. ఉదయగిరి, కనిగిరి వైపు మెట్ట ఊళ్లలో కూర్చొని ఐఐటీ ప్రొఫెసర్ పాఠం పైసా ఖర్చు లేకుండా వినొచ్చని మన చదువుల కాలంలో ఎవరనుకున్నారు? 2017లో మొదలైన స్వయం పోర్టల్, అదే కేంద్ర ప్రభుత్వం వాళ్ల ఆన్‌లైన్ పాఠాల సైటు, ఆ వీలు కల్పించింది. అక్కడ కూడా పాఠం ఇంట్లో వినొచ్చు గానీ, సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష సెంటర్‌కి పోయి రాయాల్సిందే.

ఇంకో ముచ్చట. ఈ ఆన్‌లైన్ గుంపులు నిన్నమొన్నటివి కావు. 1985లో అమెరికాలో, శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర, ‘ది వెల్’ అని ఒకటి పెట్టారు. టెలిఫోన్ లైనుకి కంప్యూటర్ కలిపి, ఉత్త అక్షరాలతోనే కబుర్లు. ఆ కాలంలోనే వాళ్లు అప్పుడప్పుడూ ఒకచోట చేరి విందులు చేసుకునేవాళ్లు. మనవాళ్లేమో ఒకే గ్రూపులో ఉండి కూడా నెల్లూరు ట్రంకు రోడ్డు మీద ఎదురుపడితే పలకరించుకోరు, ఇంటికెళ్లి మెసేజ్ పెట్టుకుంటారు!

లెక్చరర్లకి ఒక మనవి. రాత్రి గ్రూపులో వచ్చిన ప్రశ్నలకి పొద్దున క్లాసులో మొదటి పది నిమిషాలు ఇచ్చి చూడండి. ఎవరడిగారో అక్కర్లేదు, ప్రశ్న చాలు. గ్రూపులో వచ్చిన జవాబు దించుకున్నవాణ్ని బోర్డు దగ్గరికి పిలిచి చేయించండి, ఎక్కడ ఆగిపోతాడో అక్కడి నుంచి పాఠం అందుకోవచ్చు. సిలబస్ అవ్వదంటారేమో, ఆ మాట నిజమే, కానీ పరీక్షల ముందు ఇవే డౌట్లు మళ్లీ మీ దగ్గరికే వస్తాయి.

తల్లిదండ్రులు ఫోన్ లాక్కుంటే సరిపోతుందా అంటే, కాలేజీ నోటీసూ, ఫీజు మెసేజీ, హాల్ టికెట్టూ అన్నీ అందులోనే వస్తుంటే ఎట్టా లాక్కుంటారు? ఎంతసేపు చూశావని నిలదీసే బదులు, గ్రూపులో ఏం అడిగావు, మీ సార్ ఏమన్నారు అని అడగండి. మొదట్లో విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. సార్‌ని అడగలేదంటే, రేపు అడిగి రమ్మనండి. నమస్కారం.