పాట ఎప్పుడు మొదలెడతావురా?

నమస్తే అండి, బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. పోయిన వారం కీబోర్డ్ మీద 'నువోలే బియాంకే' వాయిస్తున్నాను. ఇటలీకి చెందిన లుడోవికో ఐనౌడి పీస్ అది, 2004లో వచ్చింది. మూడు నిమిషాలు గడిచాయో లేదో, అరుగు మీంచి తాతయ్య కేక: "ఏటిరా, ఇంకా సుతే సరిజేస్తన్నావా? పాటెప్పుడు మొదలెడతావు?"

నవ్వొచ్చింది. కానీ ఆయన అడిగిందీ నిజమే. పల్లవి, చరణం అని ఇందులో వెతికితే దొరకవు. ముఖ్యంగా తిరిగేవి నాలుగు కార్డ్స్, అంటే కొన్ని స్వరాలు కలిసి ఒకేసారి మోగే గుంపులు. ఎఫ్ మైనర్, డి ఫ్లాట్, ఎ ఫ్లాట్, ఇ ఫ్లాట్. వినండి... ఆ నాలుగోదాని దగ్గరే ఉంది కిటుకు. ఇ ఫ్లాట్ మోగగానే చెవి ఎ ఫ్లాట్ కోసం చూస్తుంది, అక్కడికొస్తే ఇంటికి చేరినట్టు ఉంటుంది కాబట్టి. అది రాదు. దిగులుగా మళ్లీ ఎఫ్ మైనరే వస్తుంది. గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయినట్టు. ఎవరూ చనిపోలేదు, ఎవరూ విడిపోలేదు, అయినా గొంతు పట్టేస్తుంది.

నిజానికి తాతయ్యకి ఇది కొత్తేం కాదు. పట్టుచీరలు నేసిన మనిషి. చిన్నప్పుడు మగ్గం పక్కనే పడుకునేవాణ్ణి. నాడె అటు వెళ్లడం, ఇటు రావడం, టక్కుమని ఒక దెబ్బ. ఆ చప్పుడుకి హాయిగా నిద్రపట్టేది. పోగు తెగి మగ్గం ఆగిందా, వెంటనే మెలకువ! మళ్లీ మళ్లీ వచ్చేదాన్ని కాసేపటికి చెవి పట్టించుకోదు, దాని మీద ఒరిగిపోతుంది. అప్పుడు ఒక్క స్వరం మారినా ఉలిక్కిపడతాం.

అన్నట్టు, ఇలా కొన్ని స్వరాలే మళ్లీ మళ్లీ తిరిగే బాణీకి పెద్దదిక్కుల్లో ఒకరైన అమెరికా సంగీతకర్త ఫిలిప్ గ్లాస్ 1960లలో పారిస్‌లో సితార్ రవిశంకర్ సంగీతానికి నొటేషన్ రాసిపెట్టారు. చిన్న ముక్కలు కలుపుకుంటూ పోయి పెద్ద తాళం కట్టడం ఆయన్ని బాగా పట్టుకుంది అక్కడే.

అలాగని అన్నీ బాగుంటాయని కాదు. నిద్ర కోసం, చదువు కోసం అంటూ గంటలకొద్దీ పోసే పియానోలో చాలావరకు నాకు బోరే. ఏదీ మారదు, ఇక దేనికోసం ఎదురుచూడాలి?

నాకు మరీ నచ్చింది జర్మనీ ఆయన నిల్స్ ఫ్రామ్ చేసిన పని. రాత్రిపూట వాయిస్తే పక్కింటివాళ్లకి ఇబ్బంది కదా అని, పియానోలో సుత్తులకీ తీగలకీ మధ్య మెత్తటి గుడ్డ పెట్టాడు. మైకులు తీగలకి బాగా దగ్గరగా పెట్టాడు. అలా రికార్డు చేసి 2011లో తెచ్చిన ఆల్బమ్‌లో చెక్క కిర్రుమనడం, ఆయన ఊపిరి కూడా వినిపిస్తాయి. స్టూడియోవాళ్లు చెరిపేసేవి అవే కదా! నాకైతే అవి వింటుంటే మనిషి పక్కనే కూర్చున్నట్టుంటుంది.

సరే, ఇప్పుడు మొదటినుంచి వాయిస్తాను. ఫ్యాన్ చప్పుడు తీసేయలేదు. మధ్యలో తాతయ్య దగ్గితే, అదీ ఉంచేస్తాను.