గంటకు గంట కట్టండి

(కావలిలో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులకు, గ్రంథపాలకురాలికి, వానలో తడిసి వచ్చిన మీ అందరికీ నమస్కారం. పుస్తక పఠనం వల్ల లాభాల గురించి మాట్లాడమని కార్యదర్శిగారు ఒక కాగితం రాసి ఇచ్చారు. అది జేబులో ఉంది, అక్కడే ఉండనివ్వండి. ఇందుకూరుపేట దగ్గర రొయ్యల చెరువులు చేసుకునే నన్ను ఎందుకు పిలిచారో మీకూ తెలుసు. విమానం నడిపాడట, చూద్దామని. కాబట్టి అదే చెబుతాను.

ముందు ఈ చిన్న గొట్టం చూడండి. ముందు వరుసలో పాపకు ఇస్తున్నాను. చూసి పక్కవారికి అందించండి. ఎగరబోయే ముందు రెక్క కింద నుంచి కాస్త పెట్రోలు దీనిలోకి పట్టి వెలుతురుకు ఎత్తి చూస్తాం. నేను నేర్చుకున్న విమానంలో వాడే పెట్రోలు లేత నీలంగా ఉంటుంది. నీళ్లు చేరితే అడుగున ముత్యంలా నిలుస్తాయి. చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్ల కోసం రాత్రంతా జనరేటర్ తిప్పేవారికి ఈ భయం కొత్త కాదు. ఇక్కడ ఇంజన్ ఆగితే రొయ్యలు పోతాయి. అక్కడ ఆగితే ఏం పోతుందో వేరే చెప్పాలా?

ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు పదో తరగతి పాసై, 17 ఏళ్లు నిండి ఉండాలి. రెండో తరగతి వైద్య పరీక్ష, రాత పరీక్షలు, కనీసం 40 గంటలు ఎగిరిన లెక్క కావాలి. దీంతో జీతానికి నడపకూడదు. అందుకు 200 గంటల లైసెన్సు వేరే ఉంది. "మరి ఇదెందుకురా?" అన్నాడు మా మేనమామ. బస్సు ఉండగా ఆయన ఏటా తిరుమల మెట్లు ఎందుకు ఎక్కుతాడో నేనెప్పుడైనా అడిగానా?

నాకు గంటకు 12,000 చెప్పారు. 40 గంటలకు 4,80,000. అంటే నిమిషానికి 200 రూపాయలు. పెద్ద విమానం దిగేదాకా ఇంజన్ తిప్పుకుంటూ రన్‌వే పక్కన నిలబడ్డా ఆ 200 పడుతూనే ఉంటుంది. అందుకే రద్దీ లేని చిన్న విమానాశ్రయం వెతుక్కోండి. పుస్తకం ఇక్కడ పనికొస్తుంది, కార్యదర్శిగారూ! వాతావరణం, దారి లెక్కలు, నిబంధనలు ఇంట్లో చదివితే పైసా ఖర్చు లేదు. నేను చెరువు గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, లేని మీటలు నొక్కుతూ, వరుసగా చేయాల్సిన పనులు పైకి వల్లించేవాడిని. మా కాపలాదారు రెండు రోజులు చూసి, మూడో రోజు నిమ్మకాయలు తెచ్చాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఎక్కడ నేర్చుకున్నావని అడగకండి, పేరు చెప్పను. 30 కౌంటు పంట, అంటే కిలోకు 30 రొయ్యలు తూగే పంట వచ్చిన ఏడాది, రాయితీ ఇస్తామంటే మొత్తం ఒకేసారి కట్టేశాను. మేత అప్పు తెచ్చుకునే మనిషిని, గాలికి ముందే డబ్బు కట్టాను! ఉన్న రెండు విమానాల్లో ఒకటి విడిభాగాల కోసం షెడ్డులో పడింది. నాలుగు నెలలు నా వంతు రాలేదు. తిరిగి వెళితే చేయి మరిచిపోయింది. దిగడం మళ్లీ నేర్పడానికే ఆరు గంటలు, అంటే 72,000. అది కూడా నా లెక్కలోనే కోశారు. గంటకు గంట కట్టండి. ఆ మూల నవ్వుతున్న బాబూ, నీకే చెబుతున్నాను, రాసుకో. గంటకు గంట. కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉంటే ముందు అందులో చేరు. మైక్రోలైట్ అనే తేలికపాటి చిన్న విమానంలో ఎగిరే అవకాశం రావచ్చు.

అయినా ఒక పొద్దున నేర్పే ఆయన హఠాత్తుగా దిగిపోయాడు. ఖాళీ సీటు బెల్టు ఎక్కడా చిక్కుకోకుండా బిగించి, తలుపు వేసి, వెనక్కి చూడకుండా నడిచి వెళ్లాడు. ఆయన బరువు తగ్గిందేమో, విమానం అలవాటైన చోటికంటే ముందే లేచింది. పక్కకు తిరిగి "సరేనా సార్?" అన్నాను. సీటులో బెల్టు మాత్రమే ఉంది.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. ఆ గొట్టం ఎక్కడిదాకా వచ్చింది? వెనక వరుసలోనా? అమ్మా, మూత జాగ్రత్త. మళ్లీ నాకే పంపండి.