గోళీ ఎవరు చేశారో దాని బొడ్డు చూసి చెప్పడం

నమస్కారమండీ. ఈ గుడ్డ మీద నాలుగు పాత గోళీలు పెట్టాను. దేని మీదా కంపెనీ పేరు లేదు. పేరు అట్టపెట్టె మీదో సంచీ మీదో ఉండేది. పిల్లలు దాన్ని మొదటిరోజే చింపి పారేసేవాళ్ళు. కాబట్టి ఎవరు చేశారన్నది ఇక గోళీనే అడగాలి.

అందరూ ముందు రంగు చూస్తారు. నేనూ అలాగే చూసి నలభై డాలర్లు వదిలించుకున్నాను. ఒహాయోలో ఒక సంతలో "జర్మన్‌ది, చాలా పాతది" అన్నారు, కొనేశాను. ఇంటికొచ్చి భూతద్దం పెడితే ఎక్కడా తుంచిన గుర్తే లేదు. మెషీన్ గోళీ!

చేత్తో చేసిన జర్మన్ గోళీకి బొడ్డు ఉంటుంది, అంటే గాజు తుంచిన చోట మిగిలే గుర్తు. ఒకటి కాదు, మామూలుగా రెండు. జర్మనీలోని థురింగియా ప్రాంతంలో లౌషా అనే ఊరుంది. అక్కడ రంగు గాజు పొదిగిన పొడవాటి కడ్డీని కాచి, ఒక కొసన చిన్న గిన్నె ఉన్న కత్తెరలో తిప్పుతూ గోళీలుగా తుంచేవాళ్ళు. ఆ కత్తెర 1840లలో వచ్చింది. మొదటి గోళీ అలాంటిదే. దీపానికి అడ్డంగా పెడుతున్నా చూడండి. లోపల తెల్ల దారాల వల, జడలాగా మెలి తిరిగి ఈ బొడ్డు నుంచి ఆ బొడ్డు దాకా పోతోంది. బొడ్డు మీద గోరు పెడితే గరుగ్గా తగులుతుంది.

ఇప్పుడు రెండోది. ఆకుపచ్చలో తెలుపు కలిసిన చారలు. మెల్లగా తిప్పుతున్నా... ఆగండి, ఇక్కడ! పైన తెల్ల గాజు 9 అంకెలాగా చుట్టుకుంది. కింద, సరిగ్గా ఎదురువైపు, చిన్న గీత. ఈ రెండూ కలిసి కనిపిస్తే ఎం.ఎఫ్. క్రిస్టెన్‌సన్ అండ్ సన్, ఆక్రన్, ఒహాయో అని నా మొదటి అనుమానం. వాళ్ళ దగ్గర గోళీని గుండ్రంగా చేసింది మెషీనే, కానీ కొలిమిలోంచి గాజుని కడ్డీతో తీసింది మనిషి. పాకంలా జారుతూ చుట్ట చుట్టుకుంటే ఆ 9, కత్తెర పడిన చోట ఆ గీత. 1914లో యుద్ధమొచ్చి జర్మనీ సరుకు ఆగిపోయింది. అమెరికా వాళ్ళకి బజారు ఖాళీగా దొరికింది. పాపం, ఈ కంపెనీ మాత్రం 1917లోనే మూతపడింది. క్రిస్టెన్‌సన్ అగేట్ అని ఇంకోటుంది. అది 1920లలో వచ్చిన వేరే కంపెనీ. రంగులు కళ్ళు జిగేల్‌మనిపిస్తాయి. గిన్నెకోడి ఈకల్లా చుక్కలుండే 'గినీ' గోళీ వాళ్ళదే. దానికి నకిలీలు ఎక్కువ, కొత్తవాళ్ళు జోలికెళ్ళొద్దు.

మూడోది నాకు ఇష్టమైనది, ఆక్రో అగేట్ 'కార్క్‌స్క్రూ'. ఆక్రన్‌లో మొదలై 1914లో వెస్ట్ వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గ్‌కి వెళ్ళి, 1951 దాకా నడిచిన కంపెనీ ఇది. ఎర్ర చారని గోటితో పట్టుకుని పోతున్నా, చూడండి. స్క్రూ మరలాగా చుట్టూ తిరిగి ఈ కొస నుంచి ఆ కొసకి చేరింది, మధ్యలో ఎక్కడా తనని తాను తాకలేదు. కరిగిన గాజు గిర్రున తిరుగుతూ కిందికి దిగడం వల్ల వచ్చిన మెలిక అది. చార తెగి అతుకు కనిపించినా, అటూ ఇటూ అలల్లా పారినా కార్క్‌స్క్రూ కాదు.

నాలుగోది పసుపూ నలుపూ, 'బంబుల్‌బీ' అంటారు. 1949లో మొదలైన మార్బుల్ కింగ్‌ది. ఇక్కడ చిన్న పెచ్చు ఊడింది కదా, అందులో తెల్ల గాజు కనిపిస్తోంది. రంగు పైపొర మాత్రమే. పెచ్చు ఊడితే ధర పడిపోతుంది గానీ, గుర్తుపట్టడానికి మాత్రం ఇంతకన్నా సాయం లేదు.

మన వాళ్ళు పంపే ఫోటోల్లో చారల్లేని ఆకుపచ్చ గోళీలు చాలా ఉంటాయి. అవి దాదాపు అన్నీ గోళీసోడా సీసా పగలగొట్టి తీసినవే. ఆ సీసా 1870లలో ఇంగ్లండ్‌లో హిరామ్ కాడ్ కనిపెట్టింది. ఈ పద్ధతిలో వాటి తయారీదారుని తేల్చలేం.

ఇంకొక్క మాట. గీసుకుపోయిన మచ్చలు పోవాలని పాలిష్ పట్టించిన గోళీలు అమ్ముతారు. తళతళలాడతాయి, కానీ బొడ్డూ గీతా 9 కొసలూ అన్నీ అరిగిపోయి ఉంటాయి. అలాంటివి ఎంత అందంగా ఉన్నా పేరు పెట్టకుండా ఈ పక్క డబ్బాలో పడేస్తాను.