సద్దుల బతుకమ్మ నాటి డ్యూటీ చార్ట్

నమస్తే సిస్టర్స్. కొత్తగా వార్డు ఇన్‌చార్జ్ అయిన చెల్లెళ్ల కోసం ఈ వీడియో.

నేను హన్మకొండలో ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో ఇన్‌చార్జ్ అయిన మొదటి ఏడు, సద్దుల బతుకమ్మకు మా వార్డులోని ఏడుగురు సిస్టర్లలో ఐదుగురు లీవ్ అడిగారు. ఆ సాయంత్రం పద్మాక్షి గుట్ట దగ్గర ఆడాలని ఎవరికి ఉండదు? నేనేమో "ఎవరికీ లేదు" అని చార్ట్ అంటించేశాను. పండుగ రోజు ఇద్దరు రాలేదు, ఫోన్ కూడా ఎత్తలేదు. తప్పు నాదే అనిపించింది.

మరుసటేడు చార్ట్ రాయకముందే ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడిగాను. "లీవ్ సంగతి తర్వాత. నువ్వు ఎన్ని గంటలకు ఇంట్లో ఉండాలె?" అని. ఒకామె నాలుగింటికల్లా ఇల్లు చేరితే చాలంది, అత్తతో కలిసి తంగేడు, గునుగు పేర్చుకోవాలట. మార్నింగ్ డ్యూటీ 2 గంటలకే అయిపోతుంది కదా! ఇంకొకామె మామ పోయి ఏడాది కాలేదు, ఆ ఇంట్లో పండుగే లేదు. అందరూ అడుగుతున్నారని తనూ అడిగింది. ఆమెకు కావాల్సింది ఆదివారం, జనగామలో తల్లి దగ్గరికి పోవడానికి. ఆదివారం ఇచ్చాను. పండుగ నాటి మధ్యాహ్నం డ్యూటీ తనే అడిగి తీసుకుంది.

ఇక టైమ్. మన టైమ్ ఎక్కువగా మధ్యలో వచ్చే పిలుపులకే పోతుంది. ఇంజెక్షన్ కలుపుతుంటే ఫార్మసీ నుంచి ఫోన్, కేస్ షీట్ ఏదని ఇంకొకరు. మందు కలిపే చెయ్యి ఆగితే డోస్ తప్పొచ్చు. అందుకే మందుల ట్రాలీ దగ్గరున్న సిస్టర్‌ను ఎవరూ పిలవొద్దు. ఆ గంట ఫోన్లన్నీ ఇన్‌చార్జే ఎత్తాలి. వార్డుకు కావాల్సిన మందులు, సామాన్ల కోసం పంపే ఇండెంట్ రోజుకు ఒక్కసారే.

మేనేజ్‌మెంట్ దగ్గర "స్టాఫ్ సరిపోవట్లేదు సార్" అంటే "చూద్దాం" అంటారు. లెక్క పట్టుకొని పోండి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రకారం జనరల్ వార్డులో టీచింగ్ హాస్పిటల్ (మెడికల్ కాలేజీది) అయితే ముగ్గురు పేషెంట్లకు, మామూలు హాస్పిటల్ అయితే ఐదుగురికి ఒక నర్సు ఉండాలి. సెలవుల కోసం 30 శాతం అదనం. మా దగ్గర రాత్రి 28 బెడ్లకు ఇద్దరే. రెండు వారాల నైట్ రిజిస్టర్ తీసి, 10 గంటలకు ఇవ్వాల్సిన యాంటీబయాటిక్ 11 దాటాక ఇచ్చిన చోటల్లా ఎర్ర పెన్నుతో గీసి చూపించాను. ఇంకో ఇద్దరు నర్సులు కావాలని అడిగితే ఒకరిని ఇస్తామన్నారు. "సరే సార్, ఏ తారీఖు నుంచి?" అని అక్కడే నిలబడి, తారీఖు రాయించుకున్నాకే వార్డుకు వచ్చాను.