టెడ్ విలియమ్స్ 1941 సీజన్: 0.406లో కనిపించని సంగతులు

యాంకర్: నమస్కారం. ఈరోజు చర్చ అమెరికా బేస్‌బాల్ జట్టు బోస్టన్ రెడ్ సాక్స్ బ్యాటర్ టెడ్ విలియమ్స్ గురించి. 1941లో ఆయన సగటు 0.406. ఆ తర్వాత మేజర్ లీగులుగా పిలిచే అమెరికన్, నేషనల్ లీగుల్లో ఏ సీజన్‌లోనూ ఎవరూ 0.400 అందుకోలేదు. మన ప్రేక్షకులకు తెలిసింది క్రికెట్ సగటు. ముందు ఈ లెక్క చెప్పండి సార్.

విశ్లేషకుడు: ఇందులో పరుగులతో పనిలేదు. బ్యాటింగ్‌కి వచ్చినప్పుడు ఎన్నిసార్లు హిట్ కొట్టాడన్నదే చూస్తారు. హిట్ అంటే బంతిని కొట్టి, ఔట్ కాకుండా కనీసం మొదటి బేస్‌కి, అంటే పరుగెత్తి చేరాల్సిన మొదటి స్థానానికి, చేరడం. విలియమ్స్ 456 అవకాశాల్లో 185 హిట్లు కొట్టాడు. ఆ ఏడాది ఆయన ఆడిన అమెరికన్ లీగ్ మొత్తం సగటు 0.266. రెండో స్థానంలో ఉన్న వాషింగ్టన్ ఆటగాడు సెసిల్ ట్రావిస్‌ది 0.359.

మాజీ కోచ్: హిట్లు మాత్రం ట్రావిస్‌వే ఎక్కువ. 218.

విశ్లేషకుడు: అవునండీ, నేను చెప్పాలనుకున్నదీ అదే. విలియమ్స్‌కి నేరుగా బంతి వేయడానికి పిచర్లు జంకేవాళ్లు. నాలుగు చెడ్డ బంతులు పడితే బ్యాటర్‌కి మొదటి బేస్ ఊరికే దక్కుతుంది, దాన్ని వాక్ అంటారు. ఆయనకి ఆ ఏడాది 147 వాక్‌లు వచ్చాయి. సగటులో ఇవి లెక్కకు రావు. వీటిని కూడా కలిపితే వచ్చేది ఆన్ బేస్ శాతం. అందులో విలియమ్స్‌ది 0.553. లీగ్‌లో రెండో స్థానం రాయ్ కల్లెన్‌బైన్‌ది, 0.452. ట్రావిస్ 0.410 దగ్గరే ఆగిపోయాడు. నా దృష్టిలో 0.406 కంటే ఈ తేడానే పెద్ద ఘనత.

యాంకర్: అయినా ఆ ఏడాది ఉత్తమ ఆటగాడి అవార్డు న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు జో డిమాజియోకి వెళ్లింది!

మాజీ కోచ్: నన్నడిగితే అది న్యాయమే. వరసగా 56 ఆటల్లో హిట్ కొట్టాడు. ఒక్కరోజు తడబడితే అంతా పోతుంది, ఆ టెన్షన్ రోజూ మోయాలి. పైగా సీజన్ మొత్తంలో స్ట్రైకౌట్ అయింది, అంటే మూడు స్ట్రైకులు పడి ఔటైంది, 13 సార్లే, విలియమ్స్ 27 సార్లు అయ్యాడు. లీగ్ గెలిచిందీ యాంకీసే.

విశ్లేషకుడు: జట్టు గెలుపుని ఒక బ్యాటర్ ఖాతాలో వేస్తే ఎలా సార్? ఆ 56 ఆటల్లో డిమాజియో సగటు 0.408. సరిగ్గా అవే రోజుల్లో విలియమ్స్‌ది 0.412.

మాజీ కోచ్: అంకెలు కాదనను. టెన్షన్ మాటకొస్తే విలియమ్స్ చివరి రోజు కూడా చెప్పుకోవాలి. సెప్టెంబర్ 28, ఫిలడెల్ఫియాలో ఒకేరోజు రెండు ఆటలు. అప్పటికి 448 అవకాశాల్లో 179 హిట్లు, అంటే 0.3996. సవరిస్తే 0.400 అవుతుంది. ఆడకుండా కూర్చుంటే రికార్డు భద్రం. మేనేజర్ జో క్రోనిన్ ఆ మాటే అన్నాడు. ఈయన ఒప్పుకోలేదు. ముందురోజు రాత్రి నిద్రపట్టక ఊరి వీధుల్లో మైళ్లకొద్దీ నడిచాడు. మర్నాడు రెండు ఆటల్లో కలిపి 8 అవకాశాల్లో 6 హిట్లు. అందులో ఒకటి మైదానంలోని లౌడ్‌స్పీకర్‌కి వెళ్లి తగిలింది. అప్పటికి వయసు 23!

యాంకర్: ఆ కాలంలో అందరికంటే గొప్ప బ్యాటర్ ఆయనే అనుకోవచ్చా మరి?

విశ్లేషకుడు: అంత తేలిగ్గా అనలేం. మేజర్ లీగుల్లోకి నల్లజాతివాళ్లను రానిచ్చింది 1947లో, జాకీ రాబిన్సన్‌తో. జాష్ గిబ్సన్ లాంటి బ్యాటర్ నల్లజాతివాళ్ల కోసం విడిగా నడిచిన నీగ్రో లీగుల్లోనే ఆడాల్సి వచ్చింది. విలియమ్స్ యుద్ధ విధుల్లో ఉన్న 1943లో గిబ్సన్ సగటు 0.466. ఆ లీగుల లెక్కల్ని మేజర్ లీగ్ బేస్‌బాల్ అధికారికంగా కలిపింది 2024లో. ఇప్పుడు సీజన్ సగటు రికార్డు గిబ్సన్‌దే.

మాజీ కోచ్: విలియమ్స్ ఈ విషయం ముందే మాట్లాడాడు. 1966లో బేస్‌బాల్ దిగ్గజాలకి చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరినరోజు, అదే వేదిక మీద, గిబ్సన్, నీగ్రో లీగుల పిచర్ సాచెల్ పేజ్‌ల పేర్లెత్తి వాళ్లకీ ఇక్కడ చోటివ్వాలన్నాడు. గిబ్సన్ చనిపోయి అప్పటికే 19 ఏళ్లు. ఆయనకి 1972లో చోటిచ్చారు.

యాంకర్: లెక్కలు కలిపాక విలియమ్స్‌కి ఏం మిగిలింది?

విశ్లేషకుడు: కెరీర్ ఆన్ బేస్ శాతం, 0.482. ఆ రికార్డు ఇప్పటికీ ఆయనదే.