గిజిగాడి గూట్లో మట్టి ఎందుకుంది? పిల్లలతో జంతువుల కథలు రాయించేవారికి

(చేతిలో ఎండిన గిజిగాడి గూడు)

నమస్కారం. ఈ గూడు ఎవరిదో మీకు చెప్పనక్కరలేదు. వానలు వెనకబట్టాక ఈత చెట్టు కింద రాలి పడి ఉంటే తెచ్చుకున్నాను. ఈ రోజు మాటలన్నీ దీని చుట్టూనే.

పిల్లలతో జంతువుల కథలు రాయిద్దామని ఎక్కడికి వెళ్లినా ఒకే మాట వినిపిస్తుంది. "ముందు పరిశోధన చేయమంటే పిల్లల ఊహ చచ్చిపోతుందండీ, వాళ్లకు తోచింది రాయనివ్వండి." ఈ మాట నన్ను నిజంగా బాధపెడుతుంది. తోచింది రాయమంటే ఏం వస్తోంది? ముప్పై మంది రాస్తే దాదాపు ముప్పై కథల్లోనూ జిత్తులమారి నక్క, మృగరాజు సింహం, చివర ఒక నీతి. ఆ పిల్లల్లో నక్కను చూసినవాళ్లు ఒక్కరూ లేరు. విన్న కథనే తిరిగి రాశారు. తప్పు వాళ్లది కాదు, చూడటానికి మనమేమీ చూపించలేదు.

(గూటిని కెమెరా దగ్గరికి తెచ్చి)

ఇక్కడ ఒక పక్క చిరిగింది, చూడండి. ఇందులోంచి వేలు పెట్టి లోపలి గోడ తడిమితే గరుకుగా మట్టి తగులుతుంది. ఒక అమ్మాయి ఇలాగే తడిమి, "గడ్డి ఇంటికి మట్టి ఎందుకు టీచర్?" అని అడిగింది. జానపద కథ పుట్టేది సరిగ్గా అక్కడే! మన పెద్దలూ ఈ మట్టిని చూశారు. గిజిగాడు దానికి మిణుగురులను అంటించి ఇంట్లో దీపాలు పెట్టుకుంటుందని చెప్పుకున్నారు. మిణుగురులు కల్పన, మట్టి నిజం. గాలికి గూడు మరీ ఊగిపోకుండా ఆ బరువు ఆపుతుందని పక్షి శాస్త్రజ్ఞులు అంటారు. కానీ మట్టిని చూడనివాడికి ఆ దీపం ఊహ వచ్చేదేనా?

అందుకే నా మొదటి షరతు, సింహం వద్దు. ఉడుత, బల్లి, కాకి, ఏదైనా రోజూ కంటబడేది కావాలి. వారం రోజులు చూసి, చూసింది మాత్రమే రాసుకోవాలి. "గిజిగాడు కష్టజీవి" అని రాస్తే ఆ వాక్యం కొట్టేయిస్తాను. "వరి ఆకు అంచున ముక్కుతో గాటు పెట్టింది, ఆ కొస పట్టుకుని ఎగిరింది, పొడవాటి పోగు చీలి వచ్చింది" అని రాస్తే, కష్టజీవి అన్న మాట ఇక అక్కరలేదు.

చూసిన తర్వాత పుస్తకాల్లో వెతకాలి. నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఇదే. పిల్లలందరూ "అమ్మ పిట్ట గూడు కట్టింది" అని రాశారు. కట్టేది మగపిట్ట! 1930 ప్రాంతంలో పక్షి శాస్త్రజ్ఞుడు సాలిం అలీ మహారాష్ట్ర తీరంలోని కిహింలో ఈ పిట్టలను ఓపికగా గమనించాడు. మగపిట్ట గూడు సగం వరకు అల్లి, దానికి వేలాడుతూ రెక్కలు కొట్టుకుంటూ పిలుస్తుంది. ఆడపిట్ట వచ్చి చూసుకుంటుంది. నచ్చితేనే ఆ గూడు, లోపలికి వెళ్లే దారిగా కిందికి వేలాడే గొట్టంతో సహా పూర్తవుతుంది. ఎవరికీ నచ్చని గూడు సగంలోనే ఆగిపోతుంది.

ఇది విన్న ఒక పిల్లవాడు మర్నాడు బావి దగ్గరి చెట్టు కింద నిలబడి సగం గూళ్లు లెక్కపెట్టాడు. ఏడు. అతని కథ పేరు "ఏడు పెళ్లిచూపులు". అందులో ఒక ముక్క చదువుతాను. "గిజిగాడు పసుపు తలపాగా చుట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పెళ్లికూతురు వచ్చి గోడను ముక్కుతో లాగి చూసింది. ఫలహారం కూడా ముట్టకుండా వెళ్లిపోయింది." ఆ తలపాగా కూడా చూసి రాసిందే. గూళ్లు కట్టే రోజుల్లోనే మగపిట్ట తల అంత పసుపుపచ్చగా మెరుస్తుంది. పెళ్లికూతురే వరుడి ఇల్లు చూడటానికి వచ్చే కథ, ఉత్త ఊహతో ఆ పిల్లవాడికి దొరికేదా చెప్పండి!

సమయం అయిపోతోంది, మిగిలినవి గబగబా చెప్పేస్తాను. పిల్లలు ఒక్క "ఎందుకు"ను ఎంచుకోవాలి. జవాబు ఎంత వింతగానైనా ఉండనివ్వండి, కథ ముగిసేసరికి పిట్ట మాత్రం చెట్టు మీద ఉన్నట్టే ఉండాలి. గిజిగాళ్లు నైరుతి గాలివానకు చాటుగా ఎక్కువగా చెట్టుకు తూర్పు వైపున గూళ్లు కడతాయి. కథలో సూర్యుడే పిలిచి అక్కడ కట్టుకోమన్నాడని రాసుకోవచ్చు, గూటిని పడమటికి మార్చకూడదు. రాశాక ఇంట్లో నాయనమ్మకో అమ్మమ్మకో పైకి చదివి వినిపించాలి. ఆమె "ఊఁ" కొట్టడం ఆపేసిన చోట తిరగరాయాలి. నీతి కోసం పట్టుబట్టకండి.

ఇంకొక్క మాట. పిట్టలు కాపురం ఉన్న గూటి జోలికి పిల్లలను వెళ్లనివ్వకండి, దూరం నుంచే చూడాలి. చేతికి తీసుకునేది వానాకాలం పోయాక రాలిన గూడే. తొలకరి పడ్డాక బావి మీదికి వంగిన చెట్లు, ఈత చెట్లు, తుమ్మ చెట్లు వెతకండి, నోటుపుస్తకం మరిచిపోకండి.