ఒంగోలు బస్సు పోయిందమ్మా

అధ్యక్షులకీ, పెద్దలకీ, ముందు వరుసలో అప్పుడే కునుకు పట్టిన మా మాస్టారికీ నమస్కారం. వీరేశలింగం గారి పుట్టినరోజు, ఏప్రిల్ 16, మనకి నాటకరంగ దినోత్సవం. అబ్సర్డ్ నాటకం, అంటే కారణమూ అర్థమూ దొరకని బతుకుని చూపించే నాటకం, దాని పుట్టుక గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ఐర్లండ్ రచయిత శామ్యూల్ బెకెట్ రాసిన ‘వెయిటింగ్ ఫర్ గోడో’ 1953లో పారిస్‌లో మొదటిసారి ఆడింది. చెట్టు దగ్గర ఇద్దరు మగవాళ్ళు, వ్లాదిమిర్, ఎస్ట్రగాన్, ఎంతకీ రాని గోడో అనే మనిషి కోసం ఎదురుచూస్తుంటారు. అంతే. ఇక నా గొడవ వినండి.

మా కావలిలో మగపిల్లలు దొరక్క, పాత్రలన్నిటినీ ఆడవాళ్ళుగా మార్చి, చీరల్లోనే వేశాం. తెర లేచి రెండు నిమిషాలు కాలేదు, వెనకనుంచి ఎవరో “ఒంగోలు బస్సు ఎప్పుడో పోయిందమ్మా!” అని అరిచారు. హాలంతా నవ్వులు. మగవాడు ఊరికే కూర్చోవడం మనకి అలవాటే, ఎవరూ ఏమీ అడగరు. ఆడది రోడ్డు పక్కన కూర్చుంటే మాత్రం కారణం కావాలి. మొగుడు వదిలేశాడా, కొడుకు రాలేదా? కారణం దొరికాక అబ్సర్డ్ ఎక్కడుంటుంది చెప్పండి! పోజో అనే యజమాని వచ్చి, తన నౌకరు లక్కీని మెడకి తాడుకట్టి అదిలిస్తుంటే “అత్తాకోడళ్ళు” అని తేల్చేశారు.

చివర్లో ఉరికోసం ఎస్ట్రగాన్ నడుముకున్న తాడు విప్పితే ప్యాంటు జారిపోతుంది, జనం నవ్వాలి. ఆ వేషం నాదే. నేను నడుముకి బిగించిన తాడు విప్పాను. ముందు వరుసలో ఒక ముసలామె లేచి నిలబడి “వద్దు తల్లీ” అంది. నా డైలాగు నేనే మర్చిపోయాను.

తర్వాత ఒక పరిషత్తు పోటీలో న్యాయనిర్ణేత, పేరెందుకులెండి, “బెకెట్టే ఒప్పుకోలేదు, మీరెవరు?” అని మార్కులు కోసేశారు. ఒప్పుకోలేదు, నిజమే. 1988లో హాలండ్‌లో ఆడవాళ్ళు వేస్తే కోర్టుకెక్కాడు. ఓడిపోయి, ఆ దేశంలో తన నాటకాలే వేయొద్దన్నాడు. వ్లాదిమిర్ మాటిమాటికీ ఒంటేలుకి పరిగెత్తుతాడు కదా, అది మగవాళ్ళకుండే ప్రోస్టేట్ గ్రంథి బాధ, ఆడవాళ్ళకి ప్రోస్టేట్ ఎక్కడిది అన్నాడు. అయ్యా, నెల్లూరు నుంచి ఒంగోలు బస్సులో వెళ్ళే ఆడవాళ్ళని అడగండి! ప్రయాణం రోజు మా అమ్మ మంచినీళ్ళు ముట్టేది కాదు.

అధ్యక్షులవారి చీటీ అందింది. నాటకం మారిపోయిందంటే ఒప్పుకుంటాను. పాడైందంటే ఒప్పుకోను. ఆ ముసలామె లేచినప్పుడు స్టేజి మీద ఉన్నది నేను, ఆ న్యాయనిర్ణేత కాదు.

వచ్చే నెల మళ్ళీ వేస్తున్నాం. ఆడవాళ్ళం సరిపడా ఉన్నాం. చెట్టు పట్టుకుని నిలబడటానికి ఒక మగమనిషి కావాలి.